రేసింగ్ గేముల్లో కారు సెటప్: ఏ మలుపులో ఏ టైరు పట్టు వదులుతోందో చూసి మార్చుకోవడం ఎలా?

రేసింగ్ గేములో కారు అమరికలు (సెటప్) మార్చే ట్యూనింగ్ స్క్రీన్ తెరవగానే వరసగా బోలెడు స్లైడర్లు కనిపిస్తాయి. వాటిని చూసి చాలామంది బెదిరిపోతారు. ఇంటర్నెట్‌లో ఎవరో మంచి ల్యాప్ టైమ్ కొట్టిన ప్లేయర్ సెటప్ దించుకుని వాడేస్తారు. తీరా ట్రాక్ మీదకు వెళ్తే మొదటి మలుపులోనే కారు గిర్రున తిరిగిపోతుంది. ఆ సెటప్ చెడ్డదేమీ కాదు. ఆ ప్లేయర్ మలుపు లోపలికి వెళ్లేదాకా బ్రేక్‌ను కొంచెం కొంచెంగా వదులుతూ, వెనక భాగం జారబోతుంటే స్టీరింగ్‌తో సర్దుకుంటూ నడుపుతాడు. తను నడిపే తీరుకు తగ్గట్టు కారును అలా పెట్టుకున్నాడు. మీరు బ్రేక్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీసేసి స్టీరింగ్ తిప్పే అలవాటున్నవాళ్లయితే అదే కారు మీకు అస్సలు నిలవదు.

కాబట్టి సెటప్ దించుకోవడం కన్నా దాన్ని అర్థం చేసుకోవడం నేర్చుకోండి. అది అనుకున్నంత కష్టం కాదు. గేర్లను పక్కన పెడితే మిగిలిన స్లైడర్లలో ఎక్కువ భాగం చేసే పని ఒకటే: ఏ సమయంలో ఏ టైరు మీద ఎంత భారం పడాలి, ఆ టైరు నేలను ఎలా ఆనుకోవాలి అన్నది మార్చడం. ఇది మనసులో పెట్టుకుంటే ప్రతి స్లైడర్‌నీ విడిగా బట్టీ పట్టాల్సిన పని ఉండదు. కారు ఇబ్బంది పెట్టిన చోట "ఇక్కడ పట్టు వదిలింది ముందు టైర్లా, వెనక టైర్లా? ఎప్పుడు వదిలాయి?" అని అడిగితే ఏ స్లైడర్ దగ్గరకు వెళ్లాలో దానంతటదే తెలుస్తుంది.

స్లైడర్ ముట్టుకునే ముందు

అసలు మీరు ఆడే రేసులో సెటప్ మార్చడానికి వీలుందో లేదో ముందు చూడండి. గ్రాన్ టురిస్మో 7లో రోజువారీ ఆన్‌లైన్ రేసుల్లో చాలావాటికి ట్యూనింగ్ కుదరదు, బ్రేక్ బ్యాలెన్స్, ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు ఊరికే గిర్రున తిరగకుండా ఆపేది) లాంటివి మాత్రమే చేతిలో ఉంటాయి. ఐరేసింగ్‌లో ఫిక్స్‌డ్ సెటప్ సిరీస్‌లు, ఓపెన్ సెటప్ సిరీస్‌లు వేర్వేరుగా నడుస్తాయి. ఫోర్జాలోనూ గ్రాన్ టురిస్మోలోనూ మామూలు రోడ్డు కారు తీసుకుంటే సస్పెన్షన్, డిఫరెన్షియల్ (ఇరుసు మీది రెండు చక్రాలకూ బలం పంచే భాగం) లాంటివి మార్చుకునే వీలున్న భాగాలు బిగించేదాకా ఆ స్లైడర్లు తెరుచుకోవు. అసెటో కోర్సా కాంపిటిజియోనెలో అయితే కార్లన్నీ రేసు కార్లే కాబట్టి మొదటి నుంచీ అన్నీ అందుబాటులో ఉంటాయి.

తర్వాత మీ కంట్రోలర్ సంగతి. స్టిక్ డెడ్‌జోన్ (స్టిక్ కదిలినా గేము పట్టించుకోని మొదటి భాగం) ఎక్కువగా ఉంటే మీరు తిప్పడం మొదలుపెట్టిన కాసేపటికి గానీ కారు స్పందించదు. దాన్ని చాలామంది అండర్‌స్టీర్ (కారు తిప్పినంత తిరగకపోవడం) అనుకుని సస్పెన్షన్‌తో కుస్తీ పడతారు. స్టీరింగ్ వీల్ వాడేవాళ్లకు ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ (వీల్‌లోని మోటారు చేతికి ఇచ్చే బలం) మరీ ఎక్కువగా పెడితే ఒక హద్దు దాటాక మోటారు ఇచ్చే బలం పెరగడం ఆగిపోతుంది, టైరు జారడం మొదలైన క్షణం చేతికి తెలియదు. ఇవి సరిచేసుకోకుండా కారును ట్యూన్ చేస్తే ఆ శ్రమంతా వృథా.

ఇక పరీక్షించే పరిస్థితులు. ప్రాక్టీస్ మోడ్‌లో వాతావరణం, సమయం మారకుండా పెట్టుకోండి. ప్రతిసారీ ఒకే రకం టైర్లు, ఒకే మోతాదు ఇంధనం ఉండాలి. పెట్రోలు లీటరుకు సుమారు ముప్పావు కిలో తూగుతుంది. అంటే 60 లీటర్లకు 45 కిలోలు. సగం ట్యాంకుతో ఒకసారి, నిండు ట్యాంకుతో ఒకసారి నడిపి "సెటప్ మార్చాక టైమ్ తగ్గింది" అనుకుంటే ఆ లెక్కకు అర్థమే లేదు.

ఆ గేము ఇచ్చే డిఫాల్ట్ సెటప్‌తోనే మొదలుపెట్టండి. కాంపిటిజియోనెలో అయితే "సేఫ్" అని ఉండేది తీసుకోండి. వరుసగా ఐదు ల్యాపులు అర సెకను తేడాలోపు వచ్చేదాకా దాన్నే నడపండి. మీ ల్యాపులే ఒకదానికొకటి రెండు సెకన్లు తేడాగా వస్తుంటే, సెటప్ మార్చడం వల్ల వచ్చే సెకనులో రెండు మూడు పదో వంతుల మేలు అందులో ఎక్కడా కనిపించదు. ఈ మెట్టు దాటేయాలనే తొందర అందరికీ ఉంటుంది. దయచేసి దాటేయకండి. మిగతా పద్ధతి మొత్తం దీని మీదే నిలబడి ఉంది.

మలుపును మూడు ముక్కలుగా చూడండి

"కారు సరిగ్గా తిరగట్లేదు" అన్న ఫిర్యాదుతో ఏమీ చేయలేం. ప్రతి మలుపునూ మూడు దశలుగా విడగొట్టండి. బ్రేక్ వేస్తూ స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టే దశ ఒకటి. బ్రేకూ యాక్సిలరేటరూ రెండూ దాదాపు లేకుండా మలుపు నడిమధ్యలో తిరిగే దశ రెండోది. యాక్సిలరేటర్ నొక్కుతూ బయటికి వచ్చే దశ మూడోది. ప్రతి దశలోనూ కారు చేసేది రెండు తప్పుల్లో ఒకటి. ముందు టైర్లు జారి కారు మీరు తిప్పినంత తిరగకుండా వెడల్పుగా పోతే అది అండర్‌స్టీర్. వెనక టైర్లు జారి తోక బయటికి వస్తే ఓవర్‌స్టీర్.

దీనికి ఇంకొక్క ప్రశ్న జోడించండి: ఇది నెమ్మది మలుపుల్లో జరుగుతోందా, వేగమైన మలుపుల్లోనా? ఎందుకంటే వింగ్ (కారుకు బిగించే రెక్క) వల్ల వచ్చే డౌన్‌ఫోర్స్, అంటే గాలి కారును నేలకు అదిమే బలం, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే డౌన్‌ఫోర్స్ నాలుగు రెట్లవుతుంది. గంటకు 240 కిలోమీటర్ల దగ్గర కారును నేలకు అదిమిపెట్టే వింగ్, 60 దగ్గర దానిలో పదహారో వంతు మాత్రమే పనిచేస్తుంది. అందుకే హెయిర్‌పిన్‌లో, అంటే దాదాపు వెనక్కి తిరిగిపోయే నెమ్మది మలుపులో, కారు తిరగకపోతే వింగ్ మార్చి లాభం లేదు.

ఒక కాగితం మీద మలుపు పేరో నంబరో, దశ, ముందా వెనకా, నెమ్మదా వేగమా అని రాసుకోండి. ఒకే తప్పు మూడు నాలుగు మలుపుల్లో కనిపిస్తే అది కారు గుణం. ఒక్క మలుపులోనే వస్తే ముందు మీ లైన్‌నూ (మలుపులో మీరు పట్టే దారి) మీ బ్రేకింగ్ పాయింట్‌నూ అనుమానించండి. రీప్లే పెట్టి, ఆ మలుపులోకి మీరు ఎక్కువ వేగంతో దూసుకెళ్తున్నారేమో చూడండి. వేగం ఎక్కువై వచ్చే అండర్‌స్టీర్‌ను ఏ స్లైడరూ నయం చేయదు.

బరువు ఎటు పోతోంది?

ఇక్కడ కొంచెం సిద్ధాంతం తప్పదు, కానీ ఇదొక్కటి పట్టుబడితే మిగతాదంతా సులువు. బస్సు సడన్‌గా బ్రేక్ వేస్తే నిలబడినవాళ్లు ముందుకు తూలినట్టే, కారు బ్రేక్ వేసినప్పుడు భారం ముందు టైర్ల మీదకు పోతుంది. యాక్సిలరేటర్ నొక్కితే వెనక టైర్ల మీదకు, మలుపులో బయటివైపు టైర్ల మీదకు పోతుంది. భారం పెరిగిన టైరు పట్టు పెరుగుతుంది. అయితే భారం పెరిగినంతగా పట్టు పెరగదు. సెటప్ అన్నదంతా ఈ చిన్న లోటు చుట్టూనే తిరుగుతుంది.

లెక్క కోసం ఇలా అనుకుందాం. ముందు రెండు టైర్ల మీద 300 కిలోల చొప్పున పడితే ఒక్కొక్కటీ 300 పాళ్ల పట్టు ఇస్తుంది, మొత్తం 600. మలుపులో ఆ భారం 500, 100గా చీలిపోయిందనుకోండి. బయటి టైరు 450 పాళ్లే ఇవ్వగలుగుతుంది, లోపలిది 110 ఇస్తుంది. మొత్తం 560. బరువు మారలేదు కానీ పట్టు తగ్గింది. అంటే ఒక ఇరుసు మీది రెండు టైర్ల మధ్య భారం ఎంత ఎక్కువ తేడాగా పంచుకుంటే ఆ ఇరుసు అంత తొందరగా జారుతుంది.

ఇప్పుడు యాంటీ రోల్ బార్ అర్థమవుతుంది. అది ఎడమ కుడి చక్రాలను కలిపే కడ్డీ. దాన్ని గట్టి చేస్తే ఆ ఇరుసు మీద భారం లోపలి టైరు నుంచి బయటి టైరుకు ఎక్కువగా మళ్లుతుంది, కాబట్టి ఆ ఇరుసుకు పట్టు తగ్గుతుంది, రెండో ఇరుసుకు పెరుగుతుంది. ముందు బార్ గట్టి చేస్తే అండర్‌స్టీర్ పెరుగుతుంది. వెనక బార్ గట్టి చేస్తే కారు చురుగ్గా తిరుగుతుంది, మరీ గట్టిదైతే తోక జారుతుంది. స్ప్రింగులదీ ఇదే సూత్రం. గ్రాన్ టురిస్మో 7లో స్ప్రింగుల గట్టిదనాన్ని సహజ పౌనఃపున్యంగా, హెర్ట్జ్‌లలో చూపిస్తారు. అంకె పెద్దదైతే స్ప్రింగు గట్టిది, అంతే.

తిరగని కారును చూసి చాలామంది ముందు భాగాన్ని గట్టి చేయబోతారు, గట్టిగా ఉంటే చురుగ్గా ఉంటుందని. నిజానికి మలుపు మధ్యలో పట్టు కావాలంటే జారుతున్న వైపును మెత్తన చేయడమే సరైన దారి. ముందు, వెనకల్లో ఏ వైపు పట్టు వదులుతోందో ఆ వైపు మెత్తన చేయండి, లేదా రెండోవైపు గట్టి చేయండి. కారు మొత్తం మీద బద్ధకంగా ఊగుతుంటే రెండో పద్ధతి, ఎగుడుదిగుడు ట్రాక్ మీద గంతులేస్తుంటే మొదటి పద్ధతి నేను ఎంచుకుంటాను.

మొదట టైర్లు

మార్పుల వరసలో టైరు ప్రెషర్ మొట్టమొదటిది. అది సరిగ్గా లేకపోతే మిగతా ఏ మార్పు ఫలితమూ నమ్మదగింది కాదు. ప్రెషర్ తక్కువైతే టైరు మెత్తబడి స్టీరింగ్‌కు ఆలస్యంగా స్పందిస్తుంది, అంచులు వేడెక్కుతాయి. ఎక్కువైతే నడిమి భాగమే నేలకు ఆనుతుంది, పట్టు తగ్గుతుంది.

సెటప్ స్క్రీన్‌లో మీరు పెట్టేది చల్లగా ఉన్నప్పటి ప్రెషర్. మూడు నాలుగు ల్యాపులు తిరిగాక గాలి వేడెక్కి అది పెరుగుతుంది. మీరు చూడాల్సింది ఆ వేడి ప్రెషర్‌నే. కాంపిటిజియోనెలో 1.9 వెర్షన్ నుంచి జీటీ3 కార్ల (రోడ్డు స్పోర్ట్స్ కార్ల నమూనాతో తయారయ్యే రేసు కార్ల తరగతి) డ్రై టైర్లకు వేడెక్కాక సుమారు 26 నుంచి 27 పీఎస్ఐ ఉంటే బాగా పనిచేస్తాయి. అంతకు ముందు ఈ అంకె ఇంకొంచెం ఎక్కువ ఉండేది. అందుకే పాత వీడియోల్లోని అంకెలు ఇప్పుడు సరిపోవు. ఏ గేముకైనా ఇంతే: అప్‌డేట్ వచ్చాక పాత సెటప్‌ను గుడ్డిగా నమ్మకండి. కుడివైపు మలుపులు ఎక్కువున్న ట్రాక్‌లో ఎడమ టైర్లు ఎక్కువ వేడెక్కుతాయి కాబట్టి నాలుగు టైర్లకూ చల్లటి ప్రెషర్ ఒకే అంకె ఉండాలనేం లేదు. నాలుగూ వేడెక్కాక ఒకే చోటికి చేరాలి, అదీ లెక్క.

తర్వాత క్యాంబర్. చక్రం పైభాగం కారు లోపలివైపుకు వాలితే అది నెగటివ్ క్యాంబర్. మలుపులో కారు పక్కకు ఒరిగినప్పుడు బయటి టైరు కూడా ఒరుగుతుంది. ముందుగానే లోపలికి వాల్చి ఉంచితే ఆ సమయానికి అది నేలకు సమంగా ఆనుతుంది. మరీ ఎక్కువ వాలిస్తే నేరుగా వెళ్లేటప్పుడు లోపలి అంచు మీదే నిలబడుతుంది, బ్రేకింగ్‌లో పట్టు తగ్గుతుంది. టైరు లోపలి అంచు, మధ్య భాగం, బయటి అంచు ఉష్ణోగ్రతలను విడిగా చూపించే గేముల్లో, కారు కొలతలు చూపే ఫోర్జా టెలిమెట్రీ స్క్రీన్ లాంటివి, లోపలి అంచు బయటి అంచు కన్నా కొద్ది డిగ్రీలు వేడిగా ఉంటే చాలు. తేడా బాగా ఎక్కువుంటే క్యాంబర్ తగ్గించండి. బయటి అంచే ఎక్కువ వేడిగా ఉంటే పెంచండి. ఒక హెచ్చరిక: కొన్ని గేములు క్యాంబర్‌ను మైనస్ గుర్తుతో చూపిస్తాయి, గ్రాన్ టురిస్మోలో మైనస్ లేకుండానే 2.0 అని చూపించినా అది నెగటివ్ క్యాంబరే.

టో గురించి క్లుప్తంగా. పైనుంచి చూస్తే చక్రాల ముందు భాగాలు ఒకదానివైపు ఒకటి తిరిగి ఉంటే టో ఇన్, ఎడంగా ఉంటే టో అవుట్. ముందు చక్రాలకు కొంచెం టో అవుట్ ఇస్తే మలుపు మొదట్లో కారు త్వరగా తిరుగుతుంది, కానీ నేరుగా వెళ్లేటప్పుడు అటూ ఇటూ తడబడుతుంది. వెనక చక్రాలకు కొంచెం టో ఇన్ ఉంటే కారు నిలకడగా ఉంటుంది. రెంటినీ అతి కొద్దిగానే వాడండి. టో ఎక్కువైతే టైర్లు నేలకు రాసుకుని స్ట్రెయిట్‌లో వేగం తగ్గుతుంది, టైర్లూ తొందరగా అరిగిపోతాయి.

మలుపులోకి వెళ్లేటప్పుడు: బ్రేక్ బ్యాలెన్స్

బ్రేక్ బలంలో ఎంత భాగం ముందు చక్రాలకు పోవాలో చెప్పేది బ్రేక్ బ్యాలెన్స్. ముందుకు ఎక్కువ పంపితే కారు నిలకడగా ఆగుతుంది, కానీ ముందు టైర్లు ఆపడానికే ఖర్చైపోయి తిరగడానికి పట్టు మిగలదు. వెనక్కి జరిపితే కారు ముక్కు చక్కగా మలుపులోకి తిరుగుతుంది, మరీ జరిపితే తోక అదుపు తప్పుతుంది. రేసు మధ్యలో కూడా బటన్‌తో మార్చుకునే వీలున్న సెట్టింగుల్లో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే. ఒక్కో శాతం మారుస్తూ చూడండి, తేడా అప్పటికప్పుడే తెలుస్తుంది. అయితే స్లైడర్ ఎటు జరిపితే ముందుకో గేమును బట్టి మారుతుంది. ఒకసారి పూర్తిగా ఒకవైపుకు జరిపి, గట్టిగా బ్రేక్ వేసి, ఏ చక్రాలు బిగుసుకుంటున్నాయో కళ్లారా చూసుకోండి. ఇది ఏబీఎస్ ఆపేసి చేయాలి, లేకపోతే చక్రం బిగుసుకోవడం కనిపించదు.

బయటికి వచ్చేటప్పుడు: డిఫరెన్షియల్

నా ఉద్దేశంలో ఎక్కువమంది పట్టించుకోకుండా వదిలేసే స్లైడర్ ఇదే, కానీ ల్యాప్ టైమ్‌ను బాగా కదిలించేదీ ఇదే. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. ఆ తేడాకు వీలు కల్పించేది డిఫరెన్షియల్. లాక్ పెంచేకొద్దీ రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాలని పట్టుబడుతుంది.

వెనక చక్రాలతో నడిచే కారు తీసుకుందాం. మలుపు నుంచి బయటికి వస్తూ యాక్సిలరేటర్ నొక్కారు. లాక్ తక్కువుంటే భారం లేని లోపలి చక్రం ఊరికే గిర్రున తిరిగిపోతుంది, ఇంజిన్ బలం అందులోకే పోతుంది, కారు ముందుకు లాగదు. లాక్ మరీ ఎక్కువుంటే మొదట కారు మలుపులో బయటికి తోసుకుపోతున్నట్టు అనిపిస్తుంది, తర్వాత రెండు వెనక చక్రాలూ ఒకేసారి పట్టు వదిలేసి తోక ఒక్క విసురుగా బయటికి వస్తుంది. రీప్లేలో వెనక కెమెరా పెట్టి చూడండి. ఒక్క లోపలి చక్రం నుంచే పొగ వస్తుంటే లాక్ పెంచండి. రెండూ కలిసి జారుతుంటే తగ్గించండి. గ్రాన్ టురిస్మోలో దీన్ని యాక్సిలరేషన్ సెన్సిటివిటీ అంటారు, ఎఫ్1 గేముల్లో ఆన్ థ్రాటిల్ డిఫరెన్షియల్ అంటారు.

దీనికి జంట మరొకటి ఉంటుంది: కాలు తీసినప్పటి లాక్. అది ఎక్కువుంటే బ్రేక్ వేస్తూ మలుపులోకి వెళ్లేటప్పుడు కారు నిటారుగా, నిలకడగా ఉంటుంది కానీ తిరగడానికి మొరాయిస్తుంది. తగ్గిస్తే చురుగ్గా తిరుగుతుంది. యాక్సిలరేటర్ వదిలిన వెంటనే తోక కదిలిపోతూ భయపెడుతుంటే దీన్ని కొంచెం పెంచండి. ప్రీలోడ్ అని విడిగా కనిపిస్తే అది బ్రేక్, యాక్సిలరేటర్ రెండిటి మధ్య ఉండే ఆ కొద్ది సమయంలో పనిచేసే కనీస లాక్. పెంచితే నిలకడ, తగ్గిస్తే చురుకుదనం.

ఒక్క మాట. మలుపు చివర తోక జారడానికి కారణం చాలాసార్లు మీ కాలే. యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తొక్కేయకుండా, స్టీరింగ్ ఎంత తిన్నగా అవుతుంటే అంత నొక్కుతూ వచ్చి చూడండి. అప్పటికీ జారితే డిఫరెన్షియల్ దగ్గరకు వెళ్లండి, లేదా వెనక యాంటీ రోల్ బార్ ఒక మెట్టు మెత్తన చేయండి.

వేగమైన మలుపులు: వింగులు, రైడ్ హైట్

వెనక వింగ్ పెంచితే వేగమైన మలుపుల్లో వెనక భాగం నిలబడుతుంది, స్ట్రెయిట్‌లో వేగం తగ్గుతుంది. ముందు వింగ్ పెంచితే ఆ మలుపుల్లోనే కారు ముక్కు బాగా తిరుగుతుంది. ఈ రెండిటి నిష్పత్తి కారు ముందు వెనకల బ్యాలెన్స్‌ను నిర్ణయిస్తుంది, రెండూ కలిపిన మొత్తం స్ట్రెయిట్‌లో వేగాన్ని నిర్ణయిస్తుంది. మోంజా ట్రాక్‌లో పొడవాటి స్ట్రెయిట్‌లే రాజ్యమేలుతాయి కాబట్టి అక్కడ వింగ్ బాగా తగ్గిస్తారు. 3.337 కిలోమీటర్ల మొనాకోలో స్ట్రెయిట్ అనదగ్గది దాదాపు లేదు, అక్కడ వింగ్ పూర్తిగా పెంచేయడమే పద్ధతి.

చాలా జీటీ కార్లకు ముందు వింగ్ ఉండదు, చిన్న స్ప్లిటర్ (ముందు బంపర్ కింద ఉండే పలక) ఉంటుంది. అక్కడ రైడ్ హైట్ (నేల నుంచి కారు అడుగు ఎత్తు) ఆ పని చేస్తుంది. కారు ముందు భాగాన్ని కొంచెం దించినా, వెనక భాగాన్ని కొంచెం లేపినా డౌన్‌ఫోర్స్ ముందుకు జరుగుతుంది. వేగమైన మలుపుల్లో కారు ఎక్కువ తిరుగుతుంది. మరీ దించేస్తే కారు అడుగు నేలకు తగులుతుంది, లేదా సస్పెన్షన్ చివరికంటా నొక్కుకుపోయి బంప్ స్టాప్‌కు (అక్కడ ఉండే అడ్డు) ఆనుతుంది. అప్పటిదాకా బుద్ధిగా ఉన్న కారు అకస్మాత్తుగా జారిందంటే ఇదే కారణం కావచ్చు. 20.8 కిలోమీటర్ల నూర్బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ్‌లో కారు గాల్లోకి లేచే చోట్లు కూడా ఉన్నాయి. అక్కడ ఇతర ట్రాకుల సెటప్‌ను అలాగే వాడకండి, కారును పైకి లేపండి, మెత్తన చేయండి.

డ్యాంపర్లను అన్నిటికన్నా చివరికి వదిలేయండి. సస్పెన్షన్ ఎంత నొక్కుకోవాలన్నది స్ప్రింగు నిర్ణయిస్తే, ఎంత వేగంగా నొక్కుకోవాలి, ఎంత వేగంగా తిరిగి లేవాలి అన్నది డ్యాంపర్ నిర్ణయిస్తుంది. అంటే బ్రేక్ వేసిన క్షణం, స్టీరింగ్ తిప్పిన క్షణం, కెర్బ్ (ట్రాక్ అంచున ఉండే ఎత్తు పట్టీ) ఎక్కిన క్షణం, వీటిలోనే దాని ప్రభావం. సుజుకాలోని ఎస్ మలుపుల్లా ఎడమకూ కుడికీ వెంటవెంటనే తిప్పాల్సిన చోట కారు వెనకబడుతుంటే డ్యాంపర్లు కొంచెం గట్టి చేయండి. కెర్బ్ మీద కారు ఎగిరిపడుతుంటే మెత్తన చేయండి. ప్రస్తుతానికి ఇంతకు మించి అక్కర్లేదు.

గేర్ల సంగతి ఇంకా సులువు. ఆ ట్రాక్‌లోని అతి పొడవైన స్ట్రెయిట్ చివర, పై గేరులో ఇంజిన్ రెడ్‌లైన్‌కు (ఇంజిన్ తిరగగల గరిష్ఠ వేగం) కాస్త ముందు ఉండేలా ఫైనల్ డ్రైవ్ (గేర్లన్నిటినీ కలిపి పొట్టివిగానో పొడవుగానో చేసే నిష్పత్తి) పెట్టండి. అంతకంటే ముందే ఇంజిన్ వేగాన్ని ఆపే లిమిటర్ తగిలితే గేర్లు పొట్టివి, పై గేరు అందుకోనేలేకపోతే పొడవైనవి. రేసులో ముందు కారు వెనక గాలి చాటున వెళ్లేటప్పుడు వేగం పెరుగుతుంది కాబట్టి ఆ కాస్త జాగా వదలాలి.

ఒక ట్రాక్ మీద చూద్దాం

ఇప్పుడు పైన చెప్పిందంతా స్పా ఫ్రాంకోర్‌షాంప్ మీద పెట్టి చూద్దాం. 7 కిలోమీటర్ల పొడవున్న ఆ ట్రాక్‌లో అన్ని రకాల మలుపులూ ఉన్నాయి కాబట్టి సెటప్ నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు నాకు కనిపించలేదు.

మీ కాగితం మీద ఇలా ఉందనుకోండి: లా సోర్స్ హెయిర్‌పిన్ మధ్యలో అండర్‌స్టీర్, పూహాన్‌లో కూడా అండర్‌స్టీర్. రెండు చోట్లా జబ్బు ఒకటేనని అనిపిస్తుంది. కానీ లా సోర్స్ చాలా నెమ్మది మలుపు, పూహాన్ ఎడమవైపుకు సాగే వేగమైన జంట మలుపు. కాబట్టి ముందు లా సోర్స్ సంగతి చూడండి. అక్కడ వింగుల ప్రభావం దాదాపు లేదు. ముందు యాంటీ రోల్ బార్ ఒక మెట్టు మెత్తన చేసి నాలుగైదు ల్యాపులు తిరగండి. లా సోర్స్ బాగుపడి, పూహాన్ కూడా బాగుపడితే పని అయిపోయింది, వింగ్ జోలికి వెళ్లకండి. లా సోర్స్ బాగుపడినా పూహాన్‌లో ఇంకా వెడల్పుగా పోతుంటే, అక్కడి లోటు డౌన్‌ఫోర్స్‌ది. ముందు రైడ్ హైట్ ఒక మిల్లీమీటరు దించండి, లేదా వెనక వింగ్ ఒక మెట్టు తగ్గించండి. రెండోదానితో ఇంకో లాభం ఉంది: రైడిల్లాన్ అనే ఎగువ మలుపు ఎక్కాక వచ్చే కెమెల్ స్ట్రెయిట్‌లో వేగం పెరుగుతుంది.

కానీ అక్కడితో వదిలేయకండి. వెనక వింగ్ తగ్గించాక ఓ రూజ్ నుంచి రైడిల్లాన్ పైకి ఎక్కేటప్పుడు, వేగమైన బ్లాంషిమాన్ మలుపులో తిరిగేటప్పుడు తోక ఎలా ఉందో చూడండి. ఆ చోట్ల మీ కాలు భయంతో యాక్సిలరేటర్ మీద నుంచి లేస్తుంటే వింగ్ తగ్గించి సంపాదించిన వేగం అక్కడే పోతుంది. అప్పుడు వింగ్ తిరిగి పెట్టేసి రైడ్ హైట్ దారి పట్టండి. ఒక చోట లాభం కోసం చేసిన మార్పు ఇంకో చోట ఏం తీసుకుందో చూడకుండా దాన్ని ఖాయం చేయకూడదు. స్టాప్‌వాచ్‌లో మొత్తం ల్యాప్ టైమ్ కాకుండా సెక్టార్ టైములు (ట్రాక్‌లోని ఒక్కో భాగానికి పట్టిన సమయం) చూడమనేది ఇందుకే.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. మొదట ఆ మార్పు పెద్దదిగా, రెండు మూడు మెట్లు చేసి చూడండి. అప్పుడు ఆ స్లైడర్ ఏం చేస్తుందో చేతికి స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత వెనక్కి తగ్గుతూ సరైన చోటు పట్టుకోండి. తేడా తెలియకపోతే మళ్లీ పాత అంకెకు పెట్టేయండి, అనుమానంగా ఉన్న మార్పులను కుప్పేసుకోకండి. ప్రతి మార్పునూ కొత్త పేరుతో సేవ్ చేయండి: ట్రాక్ పేరు, ఇంధనం, ఏం మార్చారో పేరులోనే ఉండాలి. "ఫైనల్ కొత్తది 2" లాంటి పేర్లు వారం తర్వాత మీకే అర్థం కావు. కాంపిటిజియోనెలో మోటెక్ (కారు కొలతలను గీతలుగా చూపే సాఫ్ట్‌వేర్) టెలిమెట్రీ ఫైళ్లు కూడా దాచుకోవచ్చు. అలవాటు పడ్డాక సస్పెన్షన్ కదలికలు, బ్రేక్, థ్రాటిల్ గీతలు పక్కపక్కన పెట్టి చూస్తే కంటికి అందనివి తెలుస్తాయి. కానీ మొదట్లోనే అందులో మునిగిపోవాల్సిన పని లేదు.

క్వాలిఫయింగ్‌కు ఒకటి, రేసుకు ఒకటి

రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలవ్వాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో ఒక్క ల్యాప్‌కు అదిరిపోయే కారు అరగంట రేసుకు పనికొస్తుందని అనుకోకండి. తోక వదులుగా ఉన్న కారు వెనక టైర్లను వేడెక్కిస్తుంది, పది ల్యాపుల తర్వాత ఆ వదులు రెట్టింపవుతుంది. అందుకే రేసు సెటప్‌ను రేసుకు కావాల్సినంత ఇంధనం నింపి, కనీసం పదిహేను నిమిషాలు ఆపకుండా నడిపి పరీక్షించండి. మొదటి ల్యాప్‌లో కొంచెం అండర్‌స్టీర్‌గా అనిపించే కారునే ఎంచుకోమని చెబుతాను. ఎఫ్1 గేముల్లో పార్క్ ఫెర్మే నియమం ఆన్‌లో ఉంటే క్వాలిఫయింగ్ తర్వాత సెటప్ మార్చడానికి వీలుండదు. ఆ ఆటల్లో ఒకే సెటప్‌తో రెండూ గడవాలి కాబట్టి రేసు వైపే మొగ్గు చూపండి.

వాన పడితే మెత్తదనం వైపు వెళ్లండి. యాంటీ రోల్ బార్‌లు రెండూ మెత్తన చేయండి, కారును కొంచెం లేపండి, వింగ్ పెంచండి, బ్రేక్ బ్యాలెన్స్ ఒకటి రెండు శాతం వెనక్కి జరపండి. తడి నేల మీద బ్రేకింగ్ తగ్గుతుంది, భారం ముందుకు అంతగా మళ్లదు, అందుకే వెనక బ్రేకులు కొంచెం ఎక్కువ పని చేయగలవు. వెట్ టైర్ల ప్రెషర్‌కు డ్రై టైర్ల అంకె వాడకండి, వాటి లెక్క వేరు. ట్రాక్ ఆరడం మొదలైతే వెట్ టైర్లు చాలా త్వరగా వేడెక్కి పాడవుతాయి. ఇంకా తడిగా ఉన్న చోట్ల మీదుగా కావాలని నడుపుతూ వాటిని చల్లార్చుకోండి, పిట్‌లోకి వెళ్లే ముందు డ్రై టైర్లకు ఏ ప్రెషర్ అడగాలో అప్పటికే పిట్ మెనూలో పెట్టి ఉంచుకోండి.